కెమెరా నిలబడ్డ చోటు

బల్లారట్‌లో జూలై. గడ్డిమీద ఉప్పు చల్లినట్టు మంచు.
నాలుగు రోజులకి ఇల్లు అద్దెకడిగారు,
ఒక హత్య చేసుకోవడానికి.
కాగితాలు చదివే సంతకం పెట్టాను:
గోడలకి మేకులు కొట్టరాదు,
నెత్తురు కార్పెట్‌కి అంటరాదు.

మొదటి రోజు పొద్దున్నే
ఫెనెల్లా అనే సెట్టింగులావిడ
వంటింటి తలుపు బందులకి నేను పోసిన నూనెని
గుడ్డతో శుభ్రంగా తుడిచేసింది.
"మీ ఇల్లు మరీ మర్యాదస్తురాలండీ.
కాస్త కిర్రుమనడం నేర్పాలి."
బల్బులు పీకి నీరసం బల్బులు పెట్టింది.
మెట్లలో ఏడోదాన్ని వదులు చేసింది.
ఏడోదే ఎందుకూ అంటే,
ఆరింటికి అలవాటు పడితేగా ఏడోది పనికొచ్చేది, అంది.

టీ తాగుతూ ఇంటిపురాణం విప్పింది.
వాళ్ల తాత కాలంలో
టెలిఫోన్ తీగ కోస్తే చాలట, హాలు హాలంతా ఊపిరి బిగపట్టేది.
నాన్న కాలానికి ఫోను మోగడమే భయం,
ఎత్తితే అవతల ఎవరో ఊపిరి తీస్తుండేవాడు.
"ఇప్పుడు హంతకుడికి రోజులు బాగోలేవు పాపం,
అందరి జేబుల్లోనూ పోలీసు స్టేషనే.
అందుకని మొదటి పావుగంటలోనే
ఏ కొండమలుపులోనో సిగ్నల్ని చంపెయ్యాలి.
సినిమాలో మొట్టమొదటి శవం అదేనండీ."

కుక్క మొరుగుతుంటే ఎవరూ పట్టించుకోరట,
మొరగడం ఆగాకే వినడం మొదలెడతారు.
అద్దం బీరువా తలుపు మూస్తే
ఒకప్పుడు వెనక ఒకడుండాలి.
జనం తెలివిమీరారు. ఇప్పుడు ఎవడూ లేకపోతేనే దడ.

నాది మందుల షాపు. మోతాదు సంగతి నాకు తెలుసు.
నిన్నటి చుక్క ఇవాళ పట్టదు,
అలాగని రెండు చుక్కలేస్తే మనిషి నవ్వేస్తాడు.

చావాల్సిన పిల్ల పేరు ఓర్లా.
పదకొండు సార్లు చచ్చింది,
మధ్యలో నా కందిపొడి వెన్న రొట్టెమీద చల్లుకు తింది.
హంతకుడు ఈ ఊరివాడే, లయొనెల్ గారు,
మోకాళ్ల నొప్పుల మందు నా దగ్గరే కొంటాడు.
ఏడో మెట్టు దగ్గర కిర్రుమన్నది
మెట్టో మోకాలో
సౌండు కుర్రాడికి చివరిదాకా తేలలేదు.

హత్య మాత్రం చూపించలేదు.
పొయ్యిమీద కెటిల్ కూత పెడుతుంది.
ఎవరూ వచ్చి కట్టెయ్యరు.
అంతే.
నేను కట్టెయ్యబోతే నలుగురు నా చెయ్యి పట్టుకున్నారు.

వెళ్లిపోయారు. బందులకి మళ్లీ నూనె పోశాను,
మెట్టు బిగించాను, నా బల్బులు నేను పెట్టుకున్నాను.
హాలు కార్పెట్‌మీద
మూడు గుంటలు మిగిలాయి, కెమెరా కాళ్లవి.

ఓ రాత్రి షాపు కట్టేసి వచ్చి
కోటైనా విప్పకుండా ఆ మూడింటి మధ్యా నిలబడ్డాను.
అక్కణ్ణించి సింకు కనిపిస్తుంది. కిటికీ. మేకుకి నా ఏప్రన్.
పదహారేళ్లుగా రోజూ నేను గిన్నెలు తోమే చోటు.
నా వీపు ఇక్కణ్ణించి ఇంత బాగా కనిపిస్తుందని
ఎవరూ చెప్పలేదు.
ఏప్రన్ కాస్త కదిలింది. హీటరు గాలికే.
హీటరు గాలికే.

సినిమా వచ్చింది. మా ఇల్లు తొమ్మిది సెకన్లుంది.
పక్కింటి నెవిల్ హాల్లో లేచి నిలబడి
"అది వీళ్ల కుళాయి!" అని అరిచాడు,
జనం హుష్షన్నారు.
సరిగ్గా అప్పుడే ఏదో జరిగిందట తెరమీద. మేం చూడలేదు.

గుంటల్లో ఐసు ముక్కలు పెడితే
నీరు పీల్చి నూలు లేస్తుందని ఫెనెల్లా చెప్పింది.
పెట్టాను. రెండు లేచాయి.
మూడోది లేవలేదు.
దానిమీద కుర్చీ వేసేద్దామనుకున్నాను.
కుర్చీ వేస్తే ఎవరో కూర్చుంటారని
వెయ్యలేదు.