పదిహేడో వరుస

ఆన్సెల్మ్ ఆస్తుల పట్టిక శుక్రవారం టపాలో వచ్చింది.
పన్నెండు పేజీలు, ప్రతి పేజీ కిందా పొట్టి సంతకం.
ఇరవై రెండేళ్ళలో అతను నాకు రాసిన
అన్నిటికన్నా పొడుగు ఉత్తరం.

వంటింటి బల్ల మీద పరిచాను.
కిటికీలోంచి మెటెగన్ రేవు, గట్టు మీద దొంతర్లుగా బోనులు,
ఇంకో పది రోజుల్లో సీజను.
"ప్రమాణం చేసి చెబుతున్నాను" అని మొదలుపెట్టాడు,
పెళ్ళినాడు చర్చిలో ఆ ముక్కకే నీళ్ళు నమిలినవాడు.

ఇల్లు, చెరి సగం. పికప్పు, తుప్పు పోను ఆరు వేలు.
లాబ్‌స్టర్ లైసెన్సు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది కనక
లెక్కలోకి రాదంటాడు.
నేలమాళిగలో ఫ్రీజరు, అందులో సగం దాకా హాడక్ చేప.
చేపకీ ధర కట్టాడు, పౌనుకింత అని.

తరువాత పడవ.
యూలాలీ, నలభై రెండు అడుగులు,
బాగా వాడినది, ఇంజను నీరసం,
తరుగుదల పోను ఇంత.

నా పేరే అది. తెలుపు మీద నీలం అక్షరాలు
నేనే నిచ్చెనెక్కి రాశాను, లుసియెన్ కడుపులో ఉండగా.
ఒకరి ఆస్తిలో మన పేరు పక్కన తరుగుదల అని చదివితే
ముందు నవ్వొస్తుంది.
తరువాత గుర్తొస్తుంది, ఇంజను కొత్తదని.
కిందటేడే వేశాం. ఎనభై వేల అప్పు, హామీ సంతకం నాది.
అప్పు మాత్రం మరిచిపోలేదు,
తొమ్మిదో వరుసలో నిక్షేపంగా ఉంది.
మా రేవులో కాకులు తక్కువ,
ఈ కాకి లెక్కలు గల్ పిట్టలెవరో నేర్పి ఉంటాయి.

ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టుకుంటూ పోయాను
పదిహేడో వరుస దాకా.

"రొక్కం. ఓట్స్ డబ్బాలో, పై అర, వెనకవైపు.
నాలుగు వేల రెండు వందల అరవై.
ఆవిడది. నాకు వద్దు."

నా పట్టికలో ఆ డబ్బా లేదు.
నేనూ ప్రమాణం చేసే రాశాను.
చేపల ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ చేసిన రాత్రులు,
ఎప్పుడైనా బస్సెక్కాల్సి వస్తే అని
ఒక్కో ఇరవై, ఒక్కో ఇరవై, పద్నాలుగేళ్ళు.
ఓట్స్ వాసనే గిట్టనివాడు ఆ అర ఎందుకు తెరుస్తాడనుకున్నాను.

వకీలు మదాం కోమోకి ఫోను చేశాను.
ఇంజను బిల్లు గురించి పది నిమిషాలు దంచాను, రాసుకుంది.
పెట్టేసే ముందు డబ్బా సంగతి
దగ్గుతో కలిపి చెప్పాను.
"ఎంత?"
నాలుగు వేల రెండు వందలు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
"ఆయన అరవై ఎక్కువ రాశారే. చూసి చెప్పండి, ఆగుతాను."

స్టూలెక్కి దింపాను.
నా నోట్ల చుట్ట, నా రబ్బరు బ్యాండు, నేను వేసిన మెలికే.
లెక్కపెడితే నాలుగు వేల రెండు వందలే.
చుట్ట తీశాక, డబ్బా అడుగున,
మూడు ఆకుపచ్చ ఇరవైలు బల్లపరుపుగా,
పైదాని మీద ఎండి అతుక్కున్న చేప పొలుసు.

ఎప్పుడు పెట్టాడో. ఏ బస్సుకో.
ఇంజను అబద్ధం రాసిందీ ఆ చెయ్యే.

"ఉన్నారా?" అంది మదాం కోమో.
"అరవై ఎవరి కింద వేసుకోను?"