ఎనభై మూడు జ్లోటీలు

క్యాలెండర్‌లో అక్టోబరు కాగితం చింపి
వెనకవైపు నిలువుగా గీత గీశాడు ల్యుబోమిర్.
ఎడమన లూబ్లిన్, కుడిన బిద్గోష్చ్.
బల్ల మీది రొట్టెముక్క అడ్డొచ్చి
గీత ఒకచోట వంకరపోయింది.
అలాగే ఉంచేశాం.

ముందు రాబడి రాసుకున్నాం.
కట్టుడు పళ్ళు చేస్తాను నేను.
ఇక్కడ నాలుగువేల తొమ్మిదొందలు,
అక్కడి ల్యాబు ఐదువేల ఏడొందలంటోంది.
ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అంటారు గానీ
రాయికీ రాయికీ ఎనిమిదొందలు తేడా ఉంటే
ఎవరైనా కాస్త ఆగి ఎంచుకుంటారు.

ల్యుబోమిర్ నడిపేది ట్రాలీబస్సు.
నెత్తిన రెండు కొమ్ములు,
తీగ ఎటు పోతే బండి అటు.
అక్కడైతే ట్రామ్, నేల మీద పట్టాలు.
"నెత్తిన కట్టింది తీసి కాళ్ళకి కడతారు, అంతేగా" అన్నాడు.
నేర్చుకునే రోజుల్లో జీతం తక్కువ,
నాలుగువేల మూడొందల యాభై నుంచి
నాలుగువేల వందకి దిగాలి.

ఇద్దరివీ కలిపితే
కుడివైపు ఐదొందల యాభై ఎక్కువ!
ఆ అంకె కింద రెండు గీతలు కొట్టాడు.
నేను టీకి నీళ్ళు పెట్టాను.

నీళ్ళు మరిగేలోపే
అద్దె మూడొందల ముప్పై మింగింది.
వెచ్చదనానికి ఇంకో నలభై.
ఆ ఇల్లు చివరి అంతస్తట,
ఉత్తరపు గోడకి అవతల గాలి తప్ప ఎవరూ లేరట.

అప్పుడే పక్కగదిలో యాగోదా
వయొలిన్ మీద అదే ముక్కని
నాలుగోసారీ అదే చోట తప్పింది.
మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.
ఇక్కడ పాఠానికి డబ్బివ్వం.
టీచరమ్మ క్లెమెన్తీనా పైపళ్ళ సెట్టు నా చేతిదే.
వదులైనప్పుడల్లా నేను దాన్ని బిగిస్తాను,
ఆవిడ మా పిల్ల తీగలు బిగిస్తుంది.
బిద్గోష్చ్‌లో ఎవరి పళ్ళు వదులో మాకేం తెలుసు?
తొంభై ఏడు, అని రాశాను.

మిగిలింది ఎనభై మూడు.

"ఎనభై మూడంటే ఎంత?" అన్నాడు
ఎంతో తెలియనట్టు.
పిల్లకి చలికాలపు బూటు.
జత కాదు, ఒక్క బూటు.
సామాను వ్యానుకి పద్దెనిమిదొందలు,
అంటే ఇరవై రెండు నెలలు
ఆ ఒక్క బూటూ వ్యానువాడిదే.
టీ చల్లారిపోయింది. అయినా తాగాం.

మర్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని
మా యజమాని హిపొలిత్ ముందు నిలబడ్డాను.
ఎనిమిదొందలు అడిగితే నవ్వేవాడు.
ఎనభై మూడు అడిగేసరికి కళ్ళద్దాలు తీశాడు.
"ఎనభై ఎందుక్కాదు? వంద ఎందుక్కాదు?"
కాగితం విప్పి చూపించాను.
మందుల చీటీ చదివినట్టు వేలు పెట్టి చదివి
క్లెమెన్తీనా పళ్ళ దగ్గర ఆగాడు.
"ఆ మైనం మన ల్యాబుదేనా?"
నేను కిటికీ వైపు చూశాను.
"యాభై" అన్నాడు.

రాత్రి ల్యుబోమిర్ ఆఖరి ట్రిప్పులో ఎక్కి
అతని వెనక సీట్లో కూచున్నాను.
మలుపులో కొమ్ము తీగ నుంచి జారింది,
ఎప్పుడూ జారే చోటే.
లైట్లు ఆరిపోయాయి. ఎవరూ విసుక్కోలేదు.
వెనకెవరో ఆపిల్ కొరుకుతున్న చప్పుడు.
అతను తొడుగులేసుకుని దిగి, వానలో తాడు లాగి
కొమ్ముని మళ్ళీ తీగకి తగిలించి వచ్చాడు.
"ఎంతన్నాడు?" అద్దంలోంచి అడిగాడు.
చెప్పాను.

రెండు స్టాపులు మాట్లాడలేదు.
మూడో స్టాపులో తలుపులు తెరుచుకున్నాయి,
ఎవరూ ఎక్కలేదు, మూసుకున్నాయి.
"అయితే నెలకి ముప్పై మూడు పెట్టి
ఇది కొనుక్కుంటున్నామన్నమాట" అన్నాడు.
ఏది అన్నది చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి కాగితం తిప్పి చూస్తే
అక్టోబరు ఇరవై మూడు చుట్టూ
ఎర్ర పెన్సిలుతో ఒక సున్నా చుట్టి ఉంది.
ఎవరు చుట్టారో, ఎందుకో,
ఇద్దరికీ గుర్తు రాలేదు.