రసీదు వెనక

కోర్టు కాగితంలో బడి ఫీజుకో వాక్యం,
మందులకో వాక్యం.
చిట్టచివర, పేజీ అయిపోతుంటే ఇరికించినట్టు:
"ఇతర వ్యాపకాల ఖర్చు చెరిసగం."

కిన్నెర ఈత ఆ చివరి వాక్యంలో ఉంటుంది.

నెలకు రెండువేల ఏడువందల డెబ్బై ఐదు.
సగం చేస్తే పదమూడువందల ఎనభై ఏడున్నర.
ఆ అర రూపాయి, చేతుల్లోంచి ఎప్పుడో పోయిన బిళ్ల,
ఫోన్లో మాత్రం ఇంకా బతికే ఉంది.
మొదటి నెల ఎనభై ఎనిమిది పంపితే
ప్రసూన యాభై పైసలు తిప్పి పంపింది.
రెండో నెల ఎనభై ఏడే పంపా.
"యాభై పైసలు తక్కువ" అని వచ్చింది.
విడిపోయాక ఆమె నాకు రాసిన
మొదటి మాట అది.

ఏడాదిన్నరగా అంతే.
ఆమె రసీదు ఫొటో, నా డబ్బు,
ఒక బొటనవేలు బొమ్మ.
టోపీకి నూట ఎనభై. గాగుల్స్‌కి మూడొందల యాభై.
పాత కాస్ట్యూమ్ పొట్టిదైందని కొత్తది.
పిల్ల ఎంత పొడుగైందో
రసీదులో ఉండదు.

నేను లిఫ్టులు బాగుచేస్తాను.
అమీర్‌పేట, మాదాపూర్, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడికి.
ఎక్కేవాళ్లకు తెలీదు గానీ
ప్రతి లిఫ్టుకూ వెనక గోడ వెంట ఒక ఇనుప బరువుంటుంది.
ఇది పైకెళ్తే అది కిందికి.
ఒకే తాడు.
సగం ఎత్తులో ఎదురుపడతాయి,
ఆగవు.
గ్రీజు పూస్తూ చాలాసార్లు చూశా.
చూసి ఏం చేస్తాం, పూసి దిగొస్తాం.

జూలైలో ప్రసూనకు ల్యాబులో డ్యూటీలు మారాయి.
ఆమె కట్టిందనుకున్నా నేను.
నేను కట్టాననుకుంది ఆమె.
బుధవారం సైదాబాద్ కొలను దగ్గరికి పోతే
పిల్లలంతా నీళ్లలో ఉన్నారు.
కిన్నెర గట్టు మీద, కాళ్లు మాత్రం లోపల.
"చెవి నొప్పి" అంది, నేనడక్కముందే.
టోపీ తల మీదే ఉంది, పొడిగా.

మెడికల్ షాపులో చుక్కల మందు, అరవై నాలుగు రూపాయలు.
బిల్లు వెనక అలవాటుగా ముప్పై రెండు అని రాశా.
తర్వాత అనుమానం:
ఇది మందుల వాక్యంలోకి వస్తుందా,
వ్యాపకాల వాక్యంలోకా?
సిగ్గు లేకుండా సంతోష్‌నగర్ దాకా అదే ఆలోచించా.

మరునాడు జఫర్ సార్ ఫోన్:
"భాయ్, ఇస్ మహీనే కౌన్ దేరే, మమ్మీ యా డాడీ?
పిల్లనడిగితే, నాకే రాబుద్ధి అయితలేదు సార్ అంటది."

రాబుద్ధి కాకపోవడమా!
మొదటి వారం కొలనులో సగం నీళ్లు తాగి
దగ్గుతూనే మళ్లీ దూకిన పిల్ల.
స్నానం బకెట్లో మొహం ముంచి
నలభై దాకా లెక్కపెట్టిన పిల్ల.

ఆ రాత్రి మొత్తం నేనే కట్టా.
తెల్లారి తెలిసింది, మొత్తం ఆమె కూడా కట్టింది.
రెండు రసీదు ఫొటోలు ఎదురెదురుగా ఫోన్లో:
ఒకటే తేదీ, పదకొండు నిమిషాల తేడా.
జఫర్ సార్ నవ్వి, వచ్చే నెలకు జమ వేసుకున్నాడు.
మేం నవ్వలేదు.
సగం అడగడానికి మాత్రం
ఎవరికీ చెయ్యి రాలేదు.

ఆదివారం బండి వెనక కూర్చుని,
చంపాపేట మలుపులో,
నా హెల్మెట్‌కు నోరానించి చెప్పింది:
"నాన్నా, చెవిమందు లెక్క అమ్మకు పంపకు.
నాకు నొప్పి లేకుండె."

తలూపా. హెల్మెట్ ఊగింది.
వెనక్కి కనబడిందో లేదో.

మందు ఫ్రిజ్ తలుపులో ఉంది, సీలు తీయలేదు.
బిల్లు వెనక ముప్పై రెండు కొట్టేసి
అరవై నాలుగు అని రాసుకున్నా.

జమ ఉంది కాబట్టి ఈ నెల
ఎవరం ఎవరికీ బాకీ లేం.
అయినా ఒకటో తారీఖు పొద్దున
ప్రసూన దగ్గర్నుంచి యాభై పైసలు వచ్చాయి.

ఎందుకని అడగలేదు.
తిప్పి పంపలేదు.