పద్దెనిమిదో మెట్టు

డన్‌కారిక్ కోటలో మెలిమెట్లు
పదిహేడు దాకా ఉన్నాయి.
పద్దెనిమిదోది గాలి.

అక్కణ్నుంచి తలెత్తితే
మూడో అంతస్తు పొయ్యి కనిపిస్తుంది,
నేలే లేని గదిలో, గోడనంటుకుని.
అందులో సముద్రపు పిట్టొకటి పొదుగుతోంది.
దగ్గరికెళ్తే ముఖాన నూనె ఉమ్ముతుందట.

టికెట్లు చించే గ్రిజెల్ వేలు చూపించింది:
"దొరగారి మరుగుదొడ్డి. ఆ తూము సూటిగా సముద్రంలోకే.
ముట్టడి నాటి రాత్రి
శత్రువులు పాకివచ్చిందీ దాంట్లోంచే.
ఏం లాభం, పన్నెండడుగుల మందాన గోడ కట్టి?"
ముక్కు మూసుకుని నవ్వింది.

తర్వాత కప్పు మీది సీసం తూటాలకు పోయింది,
దూలాలు పడవలకు.
మరి రాళ్లు?
గ్రిజెల్ టికెట్ల కట్ట లెక్కపెట్టుకుంది.

వానొచ్చింది. పొలం పక్క వాళ్లింట్లోకి పరుగెత్తాం.
పశువుల కొట్టానికి గడపగా
ఎర్ర ఇసుకరాయి,
ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు,
మూలన చేపలాంటి ఉలిగాటు.
పొద్దున పదిహేడో మెట్టు మీద
నా బొటనవేలు తడిమిన చేపే.

"ముత్తాత తెచ్చాడు," అంది.
కాసేపాగి, "ఎత్తుకొచ్చాడు."

తడిసిన ఆవు వచ్చి
దాని మీద కాలుపెట్టి
లోపలికి వెళ్లింది.