జిగురు పెట్టని గుర్రం

లిగోరీ సారు ఆ గిటారును
గోనెసంచిలో చుట్టుకొని తెచ్చినాడు.
పెట్టె ఏమైందంటే చెదలు తిన్నాయన్నాడు.
ముప్పై రెండేళ్లు గూడ్సుబండ్ల గార్డు.
శనివారం రాత్రుళ్లు మాత్రం
రైల్వే ఇన్‌స్టిట్యూట్ చెక్కనేల మీద
గుంతకల్లుకు జాజ్ వినిపించిన మనిషి.

"మెరుగులొద్దు వన్నూరప్పా,
గీతలు అట్లే ఉండనీ.
చేతికి అడ్డం రాకుండా చెయ్యి, చాలు."

నేను డీజిల్ షెడ్డు ఫిట్టర్ని.
ఇంజను వాల్వుల సందు కొలిచే రేకులతోనే
తీగ కింది సందూ కొలుస్తాను.
పన్నెండో మెట్టు కాడ
రెండు మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ.
ఇంకా దించితే తీగ బుసకొడుతుంది,
ఎత్తితే వేలు ఏడుస్తుంది.
మా ఊరి ఎండకు
కొయ్యకూ దప్పికై మెడ వంగిపోతుంది.
లోపలి కడ్డీని పావుచుట్టు తిప్పి
రాత్రంతా దాని మానాన దాన్ని వదిలి
పొద్దున్నే ఒంటికన్నుతో బారు చూడాల.
ఆత్రగాళ్లకు చేతగాని పని ఇది.

దాని గుర్రానికి జిగురు లేదు, మేకు లేదు.
తీగలు అదిమినంతసేపు నిలబడింది,
విప్పగానే అరచేతిలోకి రాలింది.
నల్లకొయ్య ముక్క, ఎండిన చింతకాయంత బరువు.
దీని మీదనా సారూ
అన్ని శనివారాలు నిలబెట్టినావు?

గుడ్డతో తుడుస్తుంటే
గుర్రం ఉన్న చోట పెన్సిల్ గీతలు కనపడినాయి, మూడు.
ఎవరెవరివో. ఒకటి మరీ పాతది,
వార్నిషులోకి ఇంకిపోయింది.

షాషావలి వచ్చి తొంగిచూసినాడు.
పెళ్లి ఆర్కెస్ట్రా పిల్లోడు,
కాలికింద అయిదు డబ్బాలు, అయిదు రంగుల లైట్లు.
"మామా, మీటినాక ఎంతసేపు నిలుస్తుంది నాదం?"
నిలవదురా.
ఒక మాట అనేసి ఊరుకునే మనిషి మాదిరి
టుం, అంతే.
తర్వాతి మాటకు జాగా వదుల్తుంది.
వానికి నచ్చలేదు.
ఫోన్ చూసుకుంటా ఎల్లిపోయినాడు.

చదును తీగలే ఎక్కించినా,
వేలు జారితే గరగర అనకుండా.
యాంప్లిఫయరు గుండీ తిప్పి
పైకూతలన్నీ మూసేసినా.
అయినా కొంచెం గట్టిగా పెట్టేసరికి
ఔటర్‌లో నిలిపేసిన ఇంజను మాదిరి
ఒకటే ఊళ.
సారు నవ్వినాడు.
"ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వంకీ బొక్కల్లో
నా సాక్సులు కుక్కేవాణ్ణి. ఉతికినవే."

లోపలికి పోయి అటక మీద మూట దించినా.
మా అబ్బ, అంటే నాయనకు నాయన,
ఊరూరూ తిరిగి దూదేకినోడు.
విల్లు ఎప్పుడో పొయ్యిలోకి పోయింది.
ఆయన ఆఖర్న ఏకిన దూది మాత్రం
దిండులో ఉండిపోయింది,
ఎవరూ తలపెట్టుకోని దిండు.

రెండు గుప్పిళ్లు కూరితే
గిటారు నోట మాట పడిపోయింది.
చిమటాతో పోగు పోగే తీసినా.
ఇంకొంచెం, ఇంకొంచెం.
"ఆపు," అన్నాడు సారు,
కళ్లు మూసుకొనే.

అప్పుడు మీటినాడు. ఒక్కటే.
టుం.
మొద్దుగా, పొడిగా, నడుమున బరువుగా.
విల్లు మీద కొయ్యగుండు దెబ్బ,
నరపుతాడు అదురు,
గాలిలో లేచే పత్తిపింజెలు,
మా అవ్వ దగ్గు.

నాకు నోట మాట రాలేదు.
పెన్సిల్ తీసుకొని గుర్రం పాదాల కాడ
ఆ మూడింటి పక్కన నాలుగో గీత పెట్టినా.
"కూలి ఎంతప్పా?" అన్నాడు.

సాయంత్రం బొంబాయి మెయిలు వచ్చేదాకా
వాయించు సారూ, అన్నాను.
మెయిలు ఆ పొద్దు
రెండు గంటలు లేటు.