మూడో సంచిక

రోచెస్టర్‌లో, లాండ్రీ షాపు పైన
మూడు గదులు, పదకొండు మందిమి.
నాన్నలు చందాలు కట్టే సినగాగ్‌లో
మెత్తటి కుర్చీలూ మైకులూ భరించలేక
నేలమీద దిళ్లేసుకుని దేవుణ్ణి పిలిచేవాళ్లం.
గెర్షన్ పాత దుప్పటికి రంగులద్ది
నాలుగు మూలలా కుచ్చులు కట్టి
ఇదే ప్రార్థన శాలువా అన్నాడు.
ఎవరూ కాదనలేదు.

పత్రిక ఆలోచన తిర్జాది.
మూతబడిన స్కూలు వేలంలో పన్నెండు డాలర్లకి కొన్న
సైక్లోస్టయిల్ మిషను
తిప్పితే దగ్గేది, తిప్పకపోతే కారేది.
ఇంగ్లీషు నేను టైపు కొట్టేదాన్ని.
హీబ్రూ మాత్రం తిర్జా
స్టెన్సిల్ మీద సూదితో గీసేది,
కుడినుంచి ఎడమకి, ఊపిరి బిగబట్టి.
అచ్చులు రాయని లిపి.
దానికి అచ్చు మేమే.

జనవరి, శుక్రవారం.
నూట ఇరవై కాపీలు తీసి, పిన్నులు కొట్టాక
గెర్షన్ ఒకటి చదివి, మళ్లీ చదివి,
ఉన్నచోటే చతికిలబడ్డాడు.

దాలెత్ అక్షరానికి వెనక చిన్న కొమ్ముంటుంది,
బియ్యపుగింజలో సగం.
అది పడలేదు.
కొమ్ము లేకపోతే అది రేష్.
'దేవుడొక్కడే' అనాల్సినచోట
నూట ఇరవై సార్లు
'దేవుడు వేరొకడు.'

దిద్దుదామంటే పొద్దు వాలిపోయింది.
కొవ్వొత్తులు వెలిగాక కలం పట్టకూడదు.
ఆ రాత్రీ, మర్నాడంతా
తప్పుని చుట్టంలా పక్కన కూర్చోబెట్టుకునే తిన్నాం.
"ఏమో, వేరేవాడేనేమో," అంది తిర్జా
బార్లీ సూపు గరిటతో.
ఎవరూ నవ్వలేదు.
తర్వాత అందరం నవ్వాం.

శనివారం మూడు చుక్కలు పొడిచాక
వెనక వాటాలోంచి జాన్వెల్ వచ్చాడు,
నిన్నటి మిషను గోలకి ఇవాళ తిట్టడానికి.
ఆడవాళ్లు తోరా చదివే ఇంట్లో
అడుగుపెట్టనని ఒట్టేసుకున్న మనిషి;
కుర్రతనంలో బియాలిస్తోక్‌లో
సీసపు టైపులు పేర్చిన వేళ్లు.
ఒక కాపీ ఎత్తి బల్బుకి పట్టి చూశాడు.
గుమ్మం ఎప్పుడు దాటాడో మేం చూళ్లేదు.
కోటు విప్పకుండానే కూర్చుని
నా చేతిలో పెన్ను లాక్కుని
ఒక్కొక్క రేష్‌కీ కొమ్ము మొలిపించాడు.
అరవైయో కాపీ దగ్గర ఆగి
"పిన్నులు తప్పువైపు కొట్టారు.
ఇది కుడినుంచి తెరుచుకోవాలి," అన్నాడు.
అంతే.

నూట పందొమ్మిది దిద్దాడు.
లెక్క అడగలేదు.
ఇరవయ్యోది నా స్వెటర్ లోపలుంది.
ఆ నాసిరకం సిరా ఎన్నాళ్లకీ ఆరేది కాదు.
బట్టలు మార్చుకుంటూ చూశాను:
పొట్టమీద, తిరగబడి,
ఎడమనుంచి కుడికి,
కొమ్ములేని అక్షరం.