మధ్యలో ఇద్దరు

షెఫీల్డ్‌లో మంగళవారం. కిటికీ మీద వాన,
తెర మీద ఎర్రటి అక్షరాలు:
ఈ సర్టిఫికెట్‌ను నమ్మలేను.

పొద్దుటి నుంచీ అదే మాట.
పళ్ళ డాక్టర్ల సైట్‌కి కన్నం పడుతుందేమో చూడమని
జీతమిచ్చి పెట్టుకున్న దొంగను నేను.
బ్రౌజర్‌కీ సర్వర్‌కీ నడుమ
నా ప్రాక్సీని కూర్చోబెట్టాను.
ఉత్తరం విప్పి, చదివి, ఒక అంకె మార్చి
మళ్ళీ అంటించి పంపడం దాని పని.

అక్కడ అప్పటికే ఎవరో కూర్చున్నారు.
ముద్ర మీద పేరు చూద్దును కదా,
మా ఆఫీసు యాంటీవైరస్!
అదీ విప్పుతోంది, అదీ చదువుతోంది,
తన లక్క తను వేసుకుంటోంది.
నా లక్క చూసి మాత్రం
గడప దాటనివ్వదు.
తప్పు పట్టడానికేముంది,
దాని కూడు దానిది.

మొత్తం ఆపేద్దామని చెయ్యి వెళ్ళింది.
పక్క సీట్లో విన్‌స్టన్, టీ కప్పు దించకుండానే,
"కుక్కని కట్టెయ్యకు,
వచ్చింది చుట్టమని చెప్పు" అన్నాడు.

మినహాయింపుల్లో ప్రాక్సీ ఒక్కదాన్నే చేర్చాను.
తక్కిన గుమ్మాలు దానికే వదిలేశాను.

ఎర్రరంగు పోయింది.
బుకింగ్ నంబరుకి ఒకటి కలిపాను
ఊరికే, అలవాటు కొద్దీ.
ఎవరిదో దవడ తెరుచుకుంది:
నలుపూ తెలుపూ ఎక్స్‌రే,
కింది వరసలో రెండు ఖాళీలు.
చూడకూడనిది చూసినట్టు
గబుక్కున మూసేశాను.

రిపోర్టు రాసి, కోటు తొడుక్కుని
ట్రామ్ స్టాపు దాకా వెళ్ళాక
గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తాను.

చుట్టం ఇంకా లోపలే ఉన్నాడు.